స్వెట్టరు చేతి మీది మూడు గీతలు



సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీది రేకుపెట్టెలో ఒక పసిపిల్ల స్వెట్టరు కనబడింది. గోధుమరంగు ఊలు, ఎడమ భుజం మీద రెండు బొత్తాలు, చేతుల చివర మూడు గీతలు: ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మా అమ్మాయి పసితనంలో వేసుకున్నది. "ఆ గీతలు ఎంత అందంగా వేశారో చూడు" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నవ్వి, "అందానికి వేసినవి కావు. పిల్ల చెయ్యి ఎదిగినప్పుడల్లా చివర విప్పి, మళ్ళీ అల్లి పొడుగు చేశారు టీచరమ్మగారు. అదే రంగు ఊలు ఆ కొండల్లో దొరకక ఉన్న రంగు కలిపారు. మూడు గీతలంటే మూడు చలికాలాలు" అంది.

ముప్పైఅయిదేళ్ళకు పైగా ఆ స్వెట్టరు మా ఇంట్లో ఉంది. నాకు ఈ సంగతి తెలియదు. శాసనాల మీద అక్షరాలు కూడబలుక్కొని ఆనందించే అలవాటు నాది. ఇంట్లో ఉన్న శాసనాన్ని చదవలేకపోయాను. ఆ సిగ్గులోనుంచి పుట్టినదే ఈ టపా. పసిపిల్లల కోసం చేతితో అల్లిన బట్టల చరిత్ర గురించి ఈ మధ్య చదివి తెలుసుకున్నవి కొన్ని, నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఇందులో ఉన్నాయి.

పండితుణ్ణి గనుక మాటల దగ్గర మొదలుపెడతాను. మన "ఉన్ని" సంస్కృతంలోని "ఊర్ణ"కు ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం. "ఊలు" ఇంగ్లీషునుంచి నిన్నమొన్న దిగింది. భాషాశాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఈ రెండూ ఒకే ఆదిమ ధాతువుకు పుట్టినవే. అంటే మనం "ఉన్ని, ఊలు" అని పక్కపక్కన పలికినప్పుడు వేల ఏళ్ళ క్రితం విడిపోయిన దాయాదులు ఒకే అరుగు మీద కూర్చున్నట్టన్నమాట. సాలెపురుగును మనవాళ్ళు "ఊర్ణనాభి" అన్నారు, నాభిలో ఉన్ని గలది అని. సృష్టిని వివరించబోయి ముండకోపనిషత్తు ఈ పురుగునే పోలికగా తెచ్చింది. సాలీడు తనలోనుంచి దారం వెలువరిస్తుంది, తిరిగి తనలోకే తీసుకుంటుంది. ఈ పోలిక గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

నేతకూ అల్లికకూ భేదం ఇక్కడే ఉంది. నేతకు పడుగు, పేక అని రెండు వరుసల దారాలు కావాలి. మన తెలంగాణ కురుమలు నల్లగొర్రె ఉన్నితో చేసే గొంగడి నేత. అల్లికకు ఒకటే దారం. ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే పని. అందువల్ల రెండు గుణాలు వచ్చాయి. మొదటిది, అల్లిన గుడ్డ సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. రెండవది, కొస పట్టి లాగితే అంతా విడిపోయి తిరిగి దారమవుతుంది. పసిపిల్ల ఒంటికి కావలసినవి సరిగ్గా ఈ రెండే. పెరిగే ఒంటికి సాగే బట్ట, చాలనప్పుడు విప్పి మళ్ళీ అల్లుకోగల బట్ట. అయితే చరిత్రకారుడికి ఈ రెండవ గుణమే శత్రువు. విప్పి అల్లిన దానిలో పాతదాని జాడ మిగలదు. పసిబట్టల్లో మన కాలం దాకా నిలిచినవి చాలావరకు చెత్తకుప్పల్లోకో మట్టిలోకో చేరినవే.

అలాంటిదొకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈజిప్టులోని అంటినోపోలిస్ అనే పాత నగరపు చెత్తదిబ్బలో 1913-14 తవ్వకాల్లో దొరికిన పసివాడి ఎడమకాలి మేజోడు అది. దాదాపు సా.శ. 300 నాటిది. బొటనవేలు విడిగా, మిగతా వేళ్ళన్నీ కలిపి రెండు అరలుగా చేశారు, చెప్పు పట్టీ మధ్యలో పట్టడానికి. నిలువెల్లా రంగురంగుల చారలు. 2018లో శాస్త్రజ్ఞులు దాన్ని పాడుచేయకుండా ప్రత్యేకమైన వెలుగుల్లో ఫొటోలు తీసి పరిశీలిస్తే, ఆ రంగులన్నీ మూడు మొక్కలనుంచే వచ్చాయని తేలింది: ఎరుపుకు మంజిష్ఠ జాతి వేరు, నీలానికి ఒక ఆకు, పసుపుకు ఇంకొక మొక్క. మూడింటినే కలిపి, ఒకదాని మీద ఒకటి అద్ది, ఆరేడు రంగులు సాధించారు. నడక నేర్చేవాడి కాలికి, కొన్నాళ్ళలో చాలకుండా పోయే మేజోడుకు ఇంత శ్రమ! పద్ధతి మాత్రం ఇప్పటి రెండు సూదుల అల్లిక కాదు. కన్నమున్న ఒక్క సూదితో పొట్టి దారాలను ముడివేస్తూ చేసేది.

రెండు సూదుల అసలైన అల్లికకు మనకు దొరికిన తొలి సాక్ష్యాలు కూడా ఈజిప్టువే, మధ్యయుగాల ముస్లిం పాలన నాటివి. నీలం తెలుపు నూలుతో చేసిన మేజోళ్ళు, వాటి ముక్కలు. అక్కడినుంచి స్పెయినుకు చేరేసరికి ఆ విద్య బాగా ముదిరింది. 1275లో మరణించిన కాస్టీల్ రాకుమారుడు ఫెర్నాండో డె లా సెర్డా సమాధిలో పట్టుదారంతో అల్లిన దిండు గలీబు ఒకటి దొరికింది. దాని అల్లిక ఇప్పటి యంత్రాన్ని సిగ్గుపరిచేంత సన్నం.

పసివాడి చొక్కా మొదటిసారిగా నా కంటబడింది ఒక చిత్రపటంలో. జర్మనీలోని హాంబర్గు మ్యూజియంలో, సుమారు 1400 నాటి ఒక చర్చి బలిపీఠపు పలకలున్నాయి. మాస్టర్ బెర్ట్రామ్ అనే చిత్రకారుడి పేరుతో ముడిపడినవి. ఒక పలక మీద మరియమ్మ కూర్చొని నాలుగు సూదులతో పిల్లవాడి చొక్కా అల్లుతోంది. ఒళ్ళూ చేతులూ పూర్తయ్యాయి, మెడ దగ్గర పని సాగుతోంది. పక్కన గడ్డి మీద బాలయేసు పుస్తకం తెరిచి పడుకొని ఉన్నాడు, దగ్గరలో బొంగరం. అటువైపు దేవదూతలు శిలువ పట్టుకొని నిలబడ్డారు. పిల్లవాడు తల తిప్పి వాళ్ళను చూస్తున్నాడు. తల్లి చేతిలో సూదులు ఆగలేదు.

ఆ చిత్రకారుడికి అల్లిక తెలుసు. నాలుగు సూదులతో చుట్టూ తిప్పి అల్లితే కుట్టు ఉండదు. శిలువ దగ్గర సైనికులు చీట్లు వేసుకొని పంచుకున్న అంగీకి కుట్టు లేదని బైబిలు చెబుతుంది. క్రైస్తవ ఐతిహ్యాలలో ఇంకొక మాట ఉంది: తల్లి శిశువుకు చేసిన ఆ చొక్కాయే బిడ్డతోపాటు పెరుగుతూ వచ్చిందట. మహిమలను నమ్మడం మానడం ఎవరిష్టం వారిది. నాకు మాత్రం ఆ కథ వెనుక ప్రతి తల్లి కోరికా కనబడింది. బిడ్డతోపాటు చొక్కా కూడా ఎదిగితే ఎంత బాగుండును! మహిమ లేనివాళ్ళు ఆ పనిని సూదులతో చేసుకున్నారు.

ఎట్లా చేసుకున్నారన్నదే అసలు విద్య. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఏడెనిమిదో వంతు మాత్రమే. కనుక పెద్దవాళ్ళ చొక్కాను కొలత తగ్గించినంత మాత్రాన పిల్లల చొక్కా కాదు. మెడ దగ్గరే ఇరుక్కుపోతుంది. అందుకే భుజం మీద బొత్తాలు. రెండు మూలరకాల ఉచ్చులు ఉన్నాయి, ఇంగ్లీషులో నిట్టు, పర్లు అంటారు. ఒకటి ముందువైపు లాగేది, ఒకటి వెనుకవైపు. రెంటినీ మార్చి మార్చి అల్లితే గుడ్డ రబ్బరులా సాగి ముడుచుకుంటుంది. 1562లో పీసాలో మరణించిన ఫ్లారెన్సు డచెస్ ఎలియొనొరాతోపాటు సమాధి చేసిన మేజోళ్ళలో ఈ పర్లు కనబడుతుంది. పిల్లల టోపీ అంచుకూ ముంజేతి పట్టీకీ ఇదే ప్రాణం. గురువు, లఘువు అని రెంటినే పెట్టుకొని మన ఛందస్సు ఎంత సాధించిందో, ఈ రెండు ఉచ్చులతో వాళ్ళు అంత సాధించారు.

బ్రిటిషు తీరాల జాలరుల స్వెట్టర్లలో ఇంకొక యుక్తి ఉంది. చేతిని ముంజేతినుంచి పైకి కాక, భుజం దగ్గర ఎత్తుకొని కిందికి అల్లుతారు. ముందుగా చిరిగేది, పొట్టి అయ్యేది చివరే కదా! కిందికి అల్లిన చేతిని చివరనుంచి సులువుగా విప్పవచ్చు, మళ్ళీ అల్లవచ్చు. పైనుంచి అల్లినదైతేనే అది సాధ్యం. మరోవైపునుంచి లాగితే ఉచ్చులు అడ్డుపడతాయి. మా అమ్మాయి స్వెట్టరు చేతులు తిరగేసి చూశాను. భుజం దగ్గర మొదలైనవే. అంటే మొదటి ఉచ్చు వేసిన నాడే ఆ టీచరుగారి లెక్కలో మూడు చలికాలాలూ ఉన్నాయన్నమాట.

పిల్లల కోసం అల్లినవాళ్ళ కథ ఇది. పిల్లల చేతనే అల్లించిన కథ కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. 16వ శతాబ్ది చివర ఇంగ్లండులో లింకన్, యార్క్ వంటి పట్టణాలవారు బీదపిల్లలకు అల్లిక బడులు పెట్టారు. అక్కడ నేర్చేది చదువు కాదు, కూడు సంపాదించుకోవడం. 1589లో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. చేతి అల్లిక మీద బతికేవాళ్ళ పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి అనుమతి ఇవ్వలేదని ప్రతీతి. లీ ఫ్రాన్సుకు పోయి అక్కడే మరణించాడు. యంత్రం మాత్రం నిలిచింది. చేతి అల్లిక యంత్రం రాని కొండలకూ దీవులకూ వెనుదిరిగింది. కవి రాబర్ట్ సదే 19వ శతాబ్దంలో అచ్చువేసిన "ది డాక్టర్" అనే గ్రంథంలో ఇద్దరు చిన్న అక్కచెల్లెళ్ళ కథ ఉంది. అల్లిక నేర్చుకోమని వాళ్ళను డెంట్ అనే దూరపు లోయకు పంపారు. అక్కడి పని, తిండి, ఇంటి మీద బెంగ తట్టుకోలేక ఇద్దరూ పారిపోయి కాలినడకన ఇల్లు చేరారు. ముసలితనంలో ఒకామె తన యాసలోనే చెప్పుకున్న కథ అది. ఏ రాజుల చరిత్ర చదివినప్పుడూ ఇంత దిగులు కలగలేదు నాకు.

షెట్లండు దీవుల సంగతి వేరు. అక్కడి స్త్రీలు అల్లిన శాలువాలు ఉంగరంలోనుంచి దూరేంత పలచన. పసిబిడ్డల బాప్టిజానికి సంపన్నులు కొనుక్కునేవారు. అల్లినవారికి మాత్రం వర్తకులు తరచుగా డబ్బుకు బదులు టీ ఆకు, గుడ్డ వంటి సరుకులే చేతిలో పెట్టేవారు. ఈ సంగతి 1872 నాటి ప్రభుత్వ విచారణ నివేదికకు కూడా ఎక్కింది.

ఇది మనకు పరాయి కథ కాదు. 19వ శతాబ్ది మధ్యలో స్కాట్లాండునుంచి వచ్చిన మెక్రే దంపతులు మన నరసాపురంలో స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అది కొక్కెంసూదితో చేసే క్రోషా. ఊలు కాదు, నూలు. గోదావరి డెల్టా ఇళ్ళలో వేలమంది ఆడవాళ్ళ చేతికి ఆ కొక్కెం చేరింది. మరియా మీస్ అనే జర్మను పండితురాలు ఆ ఊళ్ళలో తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రకటించారు. ఆమె వాదం నాకు బాగా పట్టింది. పొద్దస్తమానం సంపాదనకు పనిచేసే ఆ స్త్రీలను అందరూ "ఇంట్లో ఉండేవాళ్ళు" అన్నారు; వాళ్ళ పనిని "తీరిక పని" అన్నారు. ఆ ఒక్క మాట వల్లనే కూలి అంత చౌక అయింది. మాట ఎంత పని చేస్తుందో చూడండి!

ఇప్పుడు నా తప్పు. 1980లలో ఏజెన్సీలో పాడేరు ప్రాంతపు ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి. మన్యపు చలి సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అక్కడ కుట్టుపని టీచరు ఒకావిడ ఉండేవారు. ఉపాధ్యాయుల పంక్తిలో ఇద్దరమూ చివరివాళ్ళమే. లెక్కలూ సైన్సూ చెప్పేవారికి ఉన్న గౌరవం గ్రేడ్-2 పండితుడికి ఉండేది కాదు, నాలోపల ఆ ఉక్రోషం ఉండేది. అయినా పరీక్షలు దగ్గరపడితే నేను ఎవరి పీరియడు అడిగేవాణ్ణి? ఆవిడదే. "ఎలాగూ అల్లికలే కదా, ఈ గంట నాకివ్వండి" అనేవాణ్ణి. "తీసుకోండి మాస్టారూ" అని ఆవిడ ఊలు సంచి సర్దుకొని లేచిపోయేవారు. ఒకసారి స్టాఫ్ రూములో, "మాది వాగర్థాల అల్లిక, వారిది ఊలు అల్లిక" అని చమత్కరించాను. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు. నాకు జరిగిన అన్యాయాన్ని నా కింది మెట్టు మీదున్నవారికి అప్పగించి చేతులు దులుపుకున్నాను.

ఆ ఏడాదే మాకు అమ్మాయి పుట్టింది. చలి ముదిరేలోపు ఆవిడ స్వెట్టరూ, కుచ్చు టోపీ, మేజోళ్ళూ పట్టుకొని ఇంటికి వచ్చారు. టేపుతో కొలవలేదట, ఒక దారం ముక్కతో పిల్ల ఛాతీ చుట్టూ చూసుకొని ముడివేసుకున్నారట. చేతితొడుగులు కూడా చేశారు, బొటనవేలు లేనివి. రెంటినీ ఒక పొడుగు తాడుతో కలిపి, ఆ తాడును స్వెట్టరు చేతులగుండా పోనిచ్చారు, పిల్ల పారేయకుండా. "ఇంత వదులేమిటండీ" అని మా ఆవిడ అడిగితే, "పిల్ల ఎదగదామ్మా? ఇవాళ్టి పిల్లకు అల్లితే రేపు ఎవరికి తొడుగుతావు?" అన్నారట. ఈ మాటలు జరిగినప్పుడు నేను ముందుగదిలో పద్యాలు దిద్దుకుంటున్నాను.

వాగర్థాలంటూ మిడిసిపడ్డ నాకు, అల్లికలో "కర్త" ఎవరన్న ప్రశ్న ఇప్పుడు ముందుకొచ్చింది. శతాబ్దాలపాటు ఈ విద్యకు గ్రంథం లేదు, కర్త పేరు లేదు. నోటితో, చేతితో సాగింది. 1840లో ఎడింబరోలో జేన్ గోగేన్ అనే స్త్రీ తన అల్లికల పుస్తకం అచ్చువేసి, ప్రతి రకం ఉచ్చుకూ ఒక సంకేతాక్షరం కల్పించింది. మనకు య-ర-త-భ-జ-స-మ-న గణాలున్నట్టే. అప్పటినుంచి పసిబట్టల కొలతలు కాగితం ఎక్కాయి. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ 1941నుంచి బట్టలకు రేషను పెట్టినప్పుడు, పెద్దల పాత స్వెట్టర్లు విప్పి, ఊలు తడిపి, ఆరేసి, పిల్లలకు చారల చొక్కాలు అల్లుకున్నారు. సాలీడు వెలువరించిన దారాన్ని తిరిగి లోనికి తీసుకున్నట్టే.

ఈ పరంపరలో నాకు మిక్కిలి నచ్చినది ఎలిజబెత్ జిమ్మర్‌మన్. ఇంగ్లండులో 1910లో పుట్టి, అమెరికాలో విస్కాన్సిన్‌లో స్థిరపడిన గృహిణి. 1968లో ఆమె ఒక పసిపిల్ల కోటు రూపొందించింది. 160 ఉచ్చులతో మొదలుపెట్టి ఒకే ముక్కగా అల్లుతూ పోవాలి. రెండుచోట్ల వరుస తప్పి వరుస ఉచ్చులు తగ్గించాలి, తరువాత అక్కడే పెంచాలి. పూర్తయ్యాక చూస్తే ఆకారం లేని పలక. కాగితప్పడవ మడిచినట్టు మడిస్తే చేతులతో సహా కోటు! భుజాల మీద మాత్రం రెండు కుట్లు. ఇంకొక విశేషం, పిల్ల పెద్దదైతే ఉచ్చుల లెక్క మార్చనక్కరలేదు. ఊలు కాస్త లావుది, సూదులు కాస్త లావువి తీసుకుంటే చాలు. గణాలు అవే, పద్యం పెద్దది. ఇంత చేసి ఆమె "కనిపెట్టాను" అనడానికి ఇష్టపడేది కాదు. ఎక్కడో ఎవరో పూర్వపు అవ్వ చేసే ఉంటుంది, నేను తవ్వి తీశాను అనే అర్థంలో ఒక కొత్త మాటే పుట్టించుకుంది. ఇతర గ్రంథకర్తల పూర్వకవిస్తుతిలో ఇంతటి వినయాన్ని నేను తక్కువసార్లు చూశాను.

మా టీచరుగారికి ఆ విద్య ఎవరు నేర్పారో నేను అడగలేదు. ఏ అవ్వ, ఏ మిషను బడి, ఏ పొరుగింటి అక్క? అడిగి ఉంటే ఈ వ్యాసంలో మన వైపు చరిత్ర ఇంకొక పేరా పెరిగేది. మూడో గీత పడిన ఏడాది నాకు బదిలీ అయింది. అందుకే నాలుగో గీత లేదు. ఆవిడ మరి లేరని కొన్నేళ్ళ క్రితం విన్నాను.

అమ్మాయి ఫోనులో, "పంపించు నాన్నా, చిన్నదానికి సరిపోతుంది" అంది. చేతులు చాలవేమోనని మా ఆవిడ అనుమానం. సూదులు వెదికి పెట్టుకుంది, ఆ చివర విప్పుతుందట. విప్పేముందు నేను ఆ చేతులకు రెండువైపులా ఫొటోలు తీసి, మూడు గీతలకూ ఎదురుగా మూడు సంవత్సరాలు రాసి, పైన టీచరుగారి పేరు రాసిపెట్టాను. ఆ పేరు ఇక్కడ ప్రకటించే అధికారం నాకు లేదు, ఇంట్లోవాళ్ళకైనా తెలియాలి.

మీ ఇళ్ళలో కూడా ఏ పెట్టె అడుగునో ఇలాంటి టోపీయో స్వెట్టరో ఉండే ఉంటుంది. దాన్ని అల్లినవారు ఇంకా ఉంటే, దయచేసి ఇవాళే అడగండి.

సెలవు.